ఇంట్లో ప్రార్థన నిలబడటం లేదు, మీ ఇళ్లలో ఎలా నడుస్తోందో చెప్పండి

ఇద్దరు పిల్లల అమ్మ

అందరికీ వందనాలు. ముందే చెప్పేస్తున్నా, ప్రసంగం వద్దు, అది ఆదివారం వింటూనే ఉన్నాను. మీ ఇంట్లో నిజంగా ఏం నడిచింది, ఏది బెడిసికొట్టింది, అది చెప్పండి చాలు.

మా పాపకి 13, బాబుకి 8. కుటుంబ ప్రార్థన ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాం. మొదటిసారి బాబు చంటివాడు, రెండోసారి మా ఆయన ఉద్యోగం మారింది, మూడోసారి ఎందుకు ఆగిందో కూడా గుర్తులేదు, ఒక వారం మానేశాం, ఆ వారమే ఏడాది అయింది. మా ఆయన మంచివారే గానీ ప్రార్థన మొదలుపెడితే అరగంట, లోకంలో ఉన్న దేశాలన్నీ అయ్యేదాకా ఆపరు. బాబు నిద్రపోతాడు, పాప గోళ్లు చూసుకుంటుంది, నేను కళ్లు మూసుకుని మర్నాటి పనులు లెక్కపెట్టుకుంటా.

ఇదంతా ఒక ఎత్తు, మొన్న జరిగింది ఒక ఎత్తు. ఫోన్ కోసం పాపతో గొడవైంది. క్లాసులో అందరికీ సొంత ఫోన్ ఉందట, తనకే లేదట. అందరూ చేసేది మనం చెయ్యనక్కర్లేదు, మనింట్లో దేవుడు ముందు, మిగతావన్నీ తర్వాత అన్నాను. అది అరవలేదు, ఏడవలేదు. "పరీక్షల నెలంతా సండే స్కూల్ మానెయ్యమన్నది నువ్వే కదమ్మా, అప్పుడు ఏది ముందు?" అని అడిగి తన గదిలోకి వెళ్లిపోయింది. నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులైంది, ఇప్పటికీ లేదు.

షిఫ్టుల నాన్న

సిస్టర్, మీ ఆయన గురించి చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. నేను ఒకసారి మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ చేస్తూ నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి లైట్ ఆఫ్, ఒంటి మీద దుప్పటి. మా వాడు కప్పాడట, మిగతావాళ్లు మెల్లగా ఆమేన్ చెప్పుకుని వెళ్లి పడుకున్నారట. ఆ రోజు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

మా ఇంట్లో నిలబడింది ఏంటంటే, టైమ్ పెట్టుకోవడం మానేశాం. నాకు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, మాకు రాత్రి 9 గంటలు అంటే అర్థమే లేదు. అందుకని ఒక పనికి ముడిపెట్టాం. నేను డ్యూటీకి బయల్దేరేముందు బూట్లు వేసుకుంటా కదా, ఆ బూట్లకి ముందు ఏడు నిమిషాలు. అది తెల్లవారుజామైనా, సాయంత్రమైనా. బూట్లు ఎలాగూ వేసుకోవాలి కాబట్టి మర్చిపోవడం కుదరదు. పిల్లలు నిద్రలో ఉండే వేళైతే నేను, మా ఆవిడ ఇద్దరమే, దానికేం బాధపడం.

మార్కు సువార్త తీసుకున్నాం, నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలే. రోజుకి ఆరేడు వచనాలు, ఎవరి వంతు వాళ్లు చదవాలి. "ఇందులో నువ్వేం నేర్చుకున్నావు" అని అడగడం మా ఇంట్లో నిషేధం. ఆ ప్రశ్న వినగానే పిల్లల మొహాలు స్కూల్ మొహాలైపోతాయి, మనకి నచ్చే జవాబు వెతికి చెప్పేస్తారు. "ఏది వింతగా అనిపించింది" అని అడుగుతాం. 4వ అధ్యాయంలో తుపానులో యేసు పడవ వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతుంటాడు కదా, ఆ తలగడ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. మా వాడు వేలు పెట్టి చదువుతూ చదువుతూ అక్కడ ఆగిపోయి, "అయితే నాన్న ప్రార్థనలో పడుకున్నా ఏమనడన్నమాట" అన్నాడు. నేను ఏడాదిపాటు అరగంట చొప్పున చేసిన ప్రార్థనల్లో వాడికి ఒక్క మాట గుర్తులేదు, ఈ తలగడ మాత్రం ఇప్పటికీ చెప్తాడు.

బాగా అలిసిపోయిన రోజు 117వ కీర్తన. రెండే వచనాలు. అది కూడా లెక్కే.

వెళ్లి తిరిగొచ్చినవాడు

నేను అటువైపు నుంచి చెప్తాను, అంటే పిల్లాడి వైపు నుంచి. మాది చాలా గట్టి విశ్వాసపు ఇల్లు. టీవీ లేదు, సినిమా లేదు, స్నేహితుల పుట్టినరోజులకి వెళ్లడం లేదు, రోజూ ఉదయం సాయంత్రం ప్రార్థన, తప్పితే దెబ్బలు. 18 ఏళ్లు ఆ ఇంట్లో పెరిగాను, బయటికొచ్చిన రెండో నెలలో అన్నీ వదిలేశాను. తొమ్మిదేళ్లు చర్చి గుమ్మం తొక్కలేదు.

ఎందుకు వదిలేశావు అంటే అందరూ "లోకం లాగేసింది" అంటారు. లోకం లాగిందేమీ లేదండీ, ఇంట్లో పట్టుకునేది ఏమీ లేక జారిపోయాను. మా ఇంట్లో దేవుడు అంటే చెయ్యకూడని పనుల జాబితా. చేస్తే బాగుండేది, చేస్తుంటే సంతోషంగా ఉండేది ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. పైగా ప్రార్థన అయిన పది నిమిషాలకే నాన్న అమ్మ మీద అరిచేవారు. పిల్లలకి ఆ పది నిమిషాలే గుర్తుంటాయి. కొలొస్సయులకు 3:21లో తండ్రులకి ఒక మాట ఉంది, పిల్లల మనసు కుంగిపోయేలా వాళ్లకి కోపం పుట్టించొద్దని. మాతో ఎన్నో వచనాలు కంఠతా పెట్టించారు, ఆ వచనం మాత్రం ఎప్పుడూ రాలేదు.

తిరిగి రావడానికి కారణం కూడా నాన్నే. నాకు 27 ఏళ్లప్పుడు ఒకసారి ఇంటికెళ్తే, వాకిట్లో కూర్చుని, ఏ ముందుమాటా లేకుండా "నిన్ను కొట్టి తప్పు చేశాను రా, దేవుడి పేరు చెప్పి నా కోపం తీర్చుకున్నాను" అన్నారు. అంతే. చర్చికి రమ్మనలేదు. రమ్మని ఉంటే వెళ్లేవాణ్ణి కాదు. ఆ ఒక్క మాట చిన్నప్పుడే అని ఉంటే ఆ తొమ్మిదేళ్లు ఉండేవి కావేమో, చెప్పలేను.

సిస్టర్, మీ పాప ప్రశ్నకి జవాబు లేదన్నారు. "అవునమ్మా, అప్పుడు నేను తప్పు చేశాను" అన్నది జవాబే కదా.

పాత సండే స్కూల్ టీచర్

పై తమ్ముడు చెప్పింది పూర్తిగా నిజం. దానికి తోడు పరీక్షల సంగతి నేను మాట్లాడాలి, ఇది నా కడుపులో చాలా ఏళ్లుగా ఉన్న బాధ.

22 ఏళ్లు సండే స్కూల్ చెప్పాను. ప్రతి ఏడూ ఒకటే వరస. పరీక్షల ముందు నెలకి క్లాసు సగం ఖాళీ. పెద్ద పరీక్షలున్న ఏడైతే ఆ పిల్లలు ఏడాదంతా కనిపించరు. తల్లిదండ్రులు వచ్చి ఎంతో వినయంగా చెప్తారు, "ఈ ఒక్క ఏడాదే అక్కా, అయిపోగానే పంపిస్తాం, ప్రార్థన చెయ్యండి" అని. ప్రార్థనకి రావొద్దని చెప్పిన పిల్లల మార్కుల కోసం నేను ప్రార్థన చెయ్యాలి! చేశాను, చెయ్యకుండా ఎలా ఉంటాం. కానీ అయిపోయాక ఆ పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. వాళ్లకి కోపం రాలేదు, అనుమానం రాలేదు, వేరే మతం పుచ్చుకోలేదు. ఏడాదిపాటు ఇంట్లో అందరూ కలిసి నేర్పిన పాఠాన్ని బుద్ధిగా నేర్చుకున్నారు, అంతే. ముఖ్యమైన పని ఉన్నప్పుడు పక్కన పెట్టదగింది ఇది అని.

లోకపు ఒత్తిడి అంటే మనం ఎప్పుడూ పాటలు, బట్టలు, ఫోన్లు అనుకుంటాం. నేను చూసినంతలో పిల్లల్ని ఎక్కువగా తీసుకెళ్లిపోయింది మార్కులు, సీటు, మంచి జీతం. అవి చెడ్డవి కావు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. టెన్షన్ అంతా మనదే, దాన్ని పిల్లల నెత్తిన పెట్టి దానికి బాధ్యత అని పేరు పెడతాం.

ద్వితీయోపదేశకాండము 6:7 చూడండి, పిల్లలకి ఎప్పుడు నేర్పాలో నాలుగు వేళలు చెప్తుంది, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగూ ఎలాగూ జరిగేవే. దానికి ముందు వచనంలో ఇంకోటి ఉంది, ఈ మాటలు నీ హృదయంలో ఉండాలి అని. వరస అది, ముందు నీలో, తర్వాత పిల్లల్లో. మనం మొదటిది దాటేసి రెండోదానికి టైమ్‌టేబుల్ వేస్తాం.

గట్టిగా ఉండాలి

అందరూ చాలా మెత్తగా మాట్లాడుతున్నారు, నాకు నచ్చలేదు, క్షమించండి. 13 ఏళ్ల పిల్ల తల్లిని నిలదీస్తే తల్లి తప్పు ఒప్పుకోవాలా? రేపు ఇంకోటి అడుగుతుంది. మా ఇంట్లో టీవీ అమ్మేశాం, పిల్లలకి ఫోన్లు లేవు, ఎవరి ఇంటికి వెళ్తున్నారో, ఎవరు వస్తున్నారో నాకు తెలియాలి. "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ ఇంట్లో ఓటింగ్ పెట్టి చెప్పలేదు. యాజకుడు ఏలీ సంగతి గుర్తుందా? కొడుకులు చెడ్డపనులు చేస్తున్నారని తెలిసి కూడా అడ్డుకోలేదు, దానికే తీర్పు వచ్చింది.

వెళ్లి తిరిగొచ్చినవాడు

అన్నా, ఏలీ సంగతి నిజమే, కాదనను. కానీ అది ఉన్న సమూయేలు మొదటి గ్రంథంలోనే కొంచెం ముందుకెళ్తే ప్రవక్త సమూయేలు కొడుకులు కూడా లంచాలు తీసుకున్నారు. సమూయేలు అంతటివాడు! కాబట్టి ఇలా పెంచితే అలా తయారవుతారు అనే ఫార్ములా అక్కడ లేదు. యెహోషువ 24:15లో కూడా మీరు చెప్పిన మాటకి ముందు "ఎవరిని సేవిస్తారో మీరే కోరుకోండి" అనే ఉంది.

దానియేలు బందీగా వెళ్లిన బబులోనులో మూడేళ్లు వాళ్ల భాష, వాళ్ల విద్య నేర్చుకున్నాడు, పేరు కూడా మార్చేశారు. చదువుకి అడ్డు చెప్పలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీశాడు. ఆ గీత ఎక్కడ గియ్యాలో తనే నిర్ణయించుకున్నాడు, పక్కన నాన్న లేడు. మా నాన్న గీతలన్నీ తనే గీసేశారు, నాకు గియ్యడం రాలేదు. నా బాధ అదొక్కటే, మీ ఇల్లు నాకు తెలియదు, మీ గురించి అనడం లేదు.

ఒంటరి విశ్వాసి

మీ చర్చలన్నీ చదువుతుంటే నాకు కొంచెం అసూయగా ఉంది. ఇంట్లో ఇద్దరూ నమ్మినవాళ్లే కాబట్టి ఎలా చెయ్యాలి అని మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన అడ్డు చెప్పరు గానీ వెటకారం ఉంటుంది, "మీ అమ్మ మీటింగ్ మొదలైంది" అంటారు పిల్లలతో.

మొదట్లో దానికి కోపంతో బదులిచ్చేదాన్ని. పిల్లలు మధ్యలో నలిగిపోయారు, ఎవరివైపు ఉండాలో తెలియక. ఇప్పుడు బదులివ్వను. రాత్రి పిల్లల పక్కన పడుకుని ఆ రోజు జరిగినవాటిలో రెండు విషయాలకి థాంక్స్ చెప్తాం, ఒక విషయానికి సాయం అడుగుతాం. మూడు నిమిషాలు కూడా పట్టదు. థాంక్స్ చెప్పేవాటిలో వాళ్ల నాన్న చేసిన పని ఒకటి కచ్చితంగా ఉండేలా చూసుకుంటా, అబద్ధం కాదు, వెతికితే రోజూ ఏదో ఒకటి దొరుకుతుంది. సైకిల్ గాలి కొట్టారు, లెక్క అర్థమయ్యేలా చెప్పారు, ఇలాంటివి. ఒకరోజు ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నారట, పాప చెప్పింది. ఏమీ అనలేదు, కానీ ఆ మీటింగ్ అనే మాట తగ్గింది. పోలేదు, తగ్గింది.

పౌలు శిష్యుడు తిమోతి నాన్న గ్రీసు దేశస్థుడు, అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఆయన విశ్వాసం గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో చెప్పింది అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే గురించే. ఆ రెండు పేర్లు నాకు చాలా రాత్రులు తోడున్నాయి.

ఇద్దరు పిల్లల అమ్మ

అక్కా, మీ మాటలు చదివి కళ్లు చెమర్చాయి. మా ఇంట్లో మా ఆయన అరగంట ప్రార్థన గురించి ఫిర్యాదు చేశాను, మీరు చదివి ఏమనుకున్నారో.

మగ్రిబ్ నాన్న

నేను ముస్లింని, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. సమస్య మాకూ ఇదే. కోచింగ్, ఆటలు, ఫోన్, "మా ఫ్రెండ్స్ ఇంట్లో ఇలా లేదు", అన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం మాకు కలిసొచ్చింది. మగ్రిబ్ నమాజు సూర్యుడు అస్తమించగానే, దాని వేళ నేను పెట్టింది కాదు, రోజూ కొంచెం కొంచెం మారుతుంది కూడా. కాబట్టి "ఇంకో పది నిమిషాలు నాన్నా" అని నాతో బేరమాడి లాభం లేదు, నేను కూడా దానికి లోబడాల్సినవాణ్ణే. పిల్లలకి అది కనిపిస్తుంది, నాన్న పెట్టిన రూలు కాదు, నాన్న మీద కూడా ఉన్న రూలు అని. ఆఫీసు కాల్ మధ్యలో "క్షమించండి, పది నిమిషాల్లో మళ్లీ వస్తా" అని పెట్టేసి లేచినరోజు మా పెద్దాడు నన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత వాణ్ణి పిలవాల్సిన అవసరం తగ్గింది. బూట్లకి ముడిపెట్టిన అన్న ఐడియా కూడా దాదాపు ఇలాంటిదే అనిపించింది.

పాత సండే స్కూల్ టీచర్

చాలా మంచి మాట చెప్పారండీ, మీరు రావడం సంతోషం.

నా వంతుగా ఇంకోటి చెప్పి ఊరుకుంటా. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక 12 రాళ్లు తెచ్చి నిలబెట్టమన్నారు కదా, ఎందుకంటే రేపు పిల్లలు "ఈ రాళ్లెందుకు" అని అడగాలి. పస్కా దగ్గర కూడా అంతే, నిర్గమకాండము 12:26, పిల్లలు "ఈ ఆచారమేమిటి" అని అడిగితే అప్పుడు చెప్పమంది. అంటే పిల్లలు అడిగేలా ఇంట్లో ఏదో ఒకటి కళ్లెదుట ఉండాలి. మా ఇంట్లో అది ఒక పాత నోటుపుస్తకం. ఎడమ పేజీలో ఏం అడిగామో, తారీఖుతో. కుడి పేజీలో ఏం జరిగిందో, తారీఖుతో. మా పిల్లలు పెద్దయ్యాక కూడా ఇంటికొస్తే ముందు అదే తీస్తారు. ఒకచోట మా చిన్నది ఐదేళ్లప్పుడు వంకర అక్షరాలతో "పంటి నెప్పి" అని రాసింది, పక్క పేజీలో "పన్ను ఊడింది" అని రాసింది. ఏ ప్రసంగమూ దానికి సాటి రాదు.

కుడి పేజీ ఖాళీగా ఉండిపోయినవి కూడా ఉన్నాయి. మా అమ్మ ఆరోగ్యం కోసం రాసింది అలాగే ఉంది. ఖాళీలు పిల్లలకి కనిపిస్తే విశ్వాసం పోతుందని ఒకాయన నాతో వాదించారు. నేను చింపలేదు, ఏదో ఒకటి రాసి నింపనూ లేదు. ఆ ఖాళీ పేజీ గురించే మా పిల్లలు అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలడిగారు. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను.

గట్టిగా ఉండాలి

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. ఏలీ గురించి అన్నమాట వెనక్కి తీసుకోను, హద్దులు ఉండాలి. కానీ మగ్రిబ్ నాన్న గారి మాట గుచ్చుకుంది. మా ఇంట్లో రాత్రి 9 తర్వాత ఫోన్లు పెట్టెలో పెట్టాలని రూలు పెట్టింది నేనే. పెట్టెలో ఉండేది మా ఆవిడ ఫోన్ ఒక్కటే. నాది చేతిలో ఉంటుంది, చర్చి పనుల కోసం అని. నిన్న మా చిన్నోణ్ణి పిలిచి అడిగాను, నాన్న ఫోన్ ఎందుకు పెట్టెలో ఉండదో తెలుసా అని. "రూలు పిల్లలకీ అమ్మకీ కదా" అన్నాడు, చాలా మామూలుగా, అది తప్పని కూడా వాడికి అనిపించలేదు. నిన్న రాత్రి నుంచి నాది కూడా పెట్టెలోనే. ఒక్క రోజే అయింది, పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. రాత్రి రెండుసార్లు పెట్టె దాకా వెళ్లి వచ్చాను.

ఇద్దరు పిల్లల అమ్మ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చాలామంది అడిగారు కాబట్టి ఏం జరిగిందో చెప్తా.

మీ జవాబులు చదివిన మర్నాడే పాపతో మాట్లాడాను. పరీక్షలప్పుడు భయపడ్డాను, భయంలో దేవుణ్ణి పక్కన పెట్టాను, నీకు కూడా అదే నేర్పాను, నాది తప్పు అన్నాను. ఏదో సినిమాలోలా కౌగిలించుకుంటుందనుకున్నా, "సరేలే" అని చదువుకోవడానికి వెళ్లిపోయింది. రాత్రి మాత్రం వచ్చి, వచ్చే నెల పరీక్షలకి ఆదివారం ఉదయం చర్చికి వెళ్లి మధ్యాహ్నం చదువుకుంటా, శనివారం కాస్త ఎక్కువ చదువుతా, అని తనే ప్లాన్ చెప్పింది. మార్కులు తగ్గితే నేను ఏమంటానో నాకే తెలియదు, అది అప్పుడు చూస్తా. ఫోన్ మాత్రం ఇంకా ఇవ్వలేదు, ఆ విషయంలో నేను మారలేదు. ఇంట్లో అందరం వాడుకునే పాతదొకటి హాల్లో పెట్టాం, దాన్నే వాడుకుంటోంది, ముఖం మాడ్చుకునే.

నోటుపుస్తకం మొదలుపెట్టాం. బాబు మొదటి పేజీలోనే తొమ్మిది కోరికలు రాశాడు, అందులో నాలుగు ఆట వస్తువులు. మా ఆయన కొట్టెయ్యబోతే నేను ఆపాను. పాప చాలా రోజులు ఏమీ రాయలేదు. మొన్న చూస్తే కింద, చిన్న అక్షరాలతో, క్లాసులో తనతో మాట్లాడటం మానేసిన ఒక స్నేహితురాలి పేరు ఉంది. ఆ విషయం నాకు తెలియనే తెలియదు. ఫోన్ గొడవ వెనక ఉన్నది అదేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది, ఫోన్ ఉన్నవాళ్లంతా ఒక గ్రూపు, ఇది బయట. ఇంకా అడగలేదు, తనంతట తను చెప్తుందేమోనని చూస్తున్నా.

ప్రార్థన మూడు వారాల్లో 13 రోజులు జరిగింది, నేను లెక్కపెట్టాను. మా ఆయన బూట్లకి ముందు కుదరదన్నారు, భోజనం అయ్యాక కంచాలు తీసేలోపు అని పెట్టుకున్నాం. అరగంట కాస్తా పన్నెండు నిమిషాలకి వచ్చింది. దేశాలు వారానికి ఒకటి అని ఒప్పందం.

ఒకటే సందేహం. బాబు వాళ్ల నాన్న ప్రార్థన మొదలుపెట్టగానే వంటగదిలోని టైమర్ తెచ్చి పక్కన పెడుతున్నాడు, ఏడు నిమిషాలకి. అది మోగితే ఆయన ఉలిక్కిపడుతున్నారు. ఆపమని చెప్పాలా?

షిఫ్టుల నాన్న

చెప్పొద్దు సిస్టర్. నాకు దుప్పటి కప్పారు, మీ ఆయన్ని కనీసం లేపుతున్నాడు.